బడి బోరింగు నీళ్ళు

6 ఆగస్టు 2006, ఆదివారం

బ్లాగులో ఏడో ఫోటో పెట్టాను, సీసాలో పట్టిన బోరింగు నీళ్ళది. నెట్‌లోకి ఎక్కడానికి నలభై నిమిషాలు. సగం ఎక్కి రెండుసార్లు ఆగిపోయింది.

చూసినవాళ్ళు నలుగురు అని చూపిస్తోంది. సంతోషపడేలోపే నెట్ సెంటర్ బాషా చెప్పాడు, నేను తెరిచిన ప్రతిసారీ ఆ అంకె ఒకటి పెరుగుతుందని. అంటే ఆ నలుగురూ నేనే.

బ్లాగులో పేర్లు రాయను. ఊరి పేరు రాయను. నా పేరూ రాయను. వారం, నీళ్ళ రంగు, వాసన, నురగ ఉందా లేదా... అంతే. పేర్లు రాసుకోవడానికి ఈ నోటుబుక్కు. ఇది బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది.

జూన్‌లో బడి తెరిచిన వారం. వంట చేసే మునెమ్మ గంటె పట్టుకుని స్టాఫ్‌రూమ్ దాకా వచ్చింది. "టీచరమ్మా, అన్నం సూడండి" అంది. అన్నం లేత గులాబీ రంగులో ఉంది. పిల్లలు అప్పటికే బంతిలో కూర్చున్నారు, కొందరు తినేశారు కూడా. హెడ్మాస్టరు గారు తలుపు వేసి, ఈ మాట గోడ దాటకూడదన్నారు. బోరింగుకు పైన, వంక ఒడ్డున, నాలుగు రంగుల షెడ్లు ఉన్నాయి. నూలు ఉడికించి రంగు వేసి, ఆ నీళ్ళు వంకలోకి వదిలేస్తారు. మూడు సంవత్సరాలుగా.

నాలుగింటిలో మొదటిది మా అన్నది.


13 ఆగస్టు

ఎనిమిదో ఫోటో. ఎవరూ చూడలేదు. నేను కూడా రెండోసారి తెరవలేదు.


27 ఆగస్టు

మధ్యలో ఉన్న కంప్యూటర్‌లో తెలుగు కనబడదు. అక్షరాల చోట వరసగా డబ్బాలు. పక్క గదిలో ఇంజనీరింగ్ కుర్రాళ్ళు నవ్వుకుంటున్నారు, నన్ను చూసే అనిపించింది. ఆదివారం పొద్దున పదింటికి ఒక టీచరమ్మ ఒంటరిగా నెట్ సెంటర్‌కు ఎందుకు వస్తుంది? నగరిలో ఈ ప్రశ్న ఎంతమంది అడిగి ఉంటారో.

బాషాకు కాలు బాగాలేదు, కర్ర ఆనించుకుని వచ్చి ఏదో సీడీ వేసి అరగంట కష్టపడ్డాడు. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. అప్పుడు చదివాడు, తెర మీద ఉన్నదంతా. రిజిస్టరు ముందుకు జరిపి సంతకం పెట్టమన్నాడు. ఇక మీద అందరూ పెట్టాలట, పోలీసుల కొత్త రూలు. పేరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము.

పెట్టాను. వేరే పేరు రాయాలన్న ఆలోచన ఇంటికొచ్చాక గానీ రాలేదు.


8 అక్టోబరు

మొట్టమొదటి కామెంటు.

"ఇవి ఏ ఊరి నీళ్ళండీ?"

అంతే ఉంది. రాసినవాళ్ళ పేరు లేదు. జవాబు రాయకుండా కంప్యూటర్ ఆపేసి, గొడుగు మరిచిపోయి వచ్చేశాను. పదిహేను వారాలుగా ఎవరైనా ఒక్కరు చదివితే చాలనుకున్నాను. ఒకరు చదివారని తెలిస్తే పారిపోయి వచ్చాను.


19 నవంబరు

పట్టుబడ్డాను అనే రాసుకోవాలి.

కొత్త కామెంటు. రాసినతను కువైట్‌లో డ్రైవరట. "అక్కా, సీసా ఎనకాల కనబడేది మా నగరి కొండ ముక్కే గదా. ఇది మా పక్కూరి బడి గోడ. నేను ఆడే ఐదో తరగతి దాకా చదివినాను."

పేరు రాయకపోతే చాలనుకున్నాను. కొండ ఉంటుందని అనుకోలేదు. ఆ కొండకు ముక్కు ఉందనీ, సముద్రం అవతల ఉన్నవాడికి కూడా అది గుర్తుంటుందనీ తట్టలేదు. ఇరవై ఒక్క ఫోటోల్లో తొమ్మిదింటిలో కొండ. ఒక్కొక్కటీ తీసేశాను. అక్కా అని ఎలా రాశాడు? ఆడమనిషినని ఎలా తెలిసింది?

ఆయనకు చెప్పాను. మా ఆయన బస్సు కండక్టరు, రోజూ వందమంది మాటలు చెవిన పడతాయి. టికెట్ల సంచి మేకుకు తగిలించి అన్నాడు — "మానుకో అని నేను సెప్పను. మీ అన్నకు తెలిస్తే మాత్రం నేను అడ్డం పడలేను, ఇప్పుడే సెప్తా ఉండా."


26 నవంబరు

వెళ్ళలేదు. ఇల్లంతా కడిగాను. పదింటి నుంచి పదకొండు దాకా గడియారం వైపు చూడకూడదనుకుని చూస్తూనే ఉన్నాను.


3 డిసెంబరు

మానేశానని చెప్పి ముగించేద్దామని వెళ్ళాను. కువైట్ తమ్ముడి రెండు లైన్లు ఉన్నాయి. "ఈ వారం ఫోటో లేదేం అక్కా. ఊరి పేరు నేను యాడా సెప్పనులే, రాయండి."

ఒక మనిషి ఎదురుచూశాడు. ఒక్కడే. నిన్న సాయంత్రం అలవాటుగా పట్టిన సీసా ఇంట్లోనే ఉంది. తిరిగి వచ్చి, దాని వెనుక తెల్ల తువ్వాలు కట్టి ఫోటో తీసి, మళ్ళీ వెళ్ళి పెట్టాను. ఇక మీద తువ్వాలే. కొండా లేదు, గోడా లేదు. తెల్లటి గుడ్డ ముందు నీళ్ళ రంగు ఇంకా బాగా కనబడుతోంది... భయపడి చేసిన పని మంచిదే అయింది.


28 జనవరి 2007

తిరుపతి నుంచి ఒకామె ఉత్తరమంత కామెంటు రాసింది. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుందట. నేను తీసేయగా మిగిలిన ఫోటోలన్నీ వరుసగా చూసిందట, ఒక్కరోజులో. "రంగు చూసి చెప్పలేం. మూడు సీసాలు తెస్తే మా ల్యాబ్‌లో చూస్తాను. ఎవరికీ చెప్పను" అని ఫోను నంబరు ఇచ్చింది.

నమ్మాలా? షెడ్డు వాళ్ళే ఇలా రాయించి ఉంటే? నంబరు ఈ నోటుబుక్కులో కూడా రాయడం లేదు. కంఠస్థం చేసి, ఆ కామెంటు తీసేశాను.


18 మార్చి

నెలన్నర ఆలోచించి, ఆ నంబరుకు ఫోను చేసి, తిరుపతికి వెళ్ళాను.

మూడు సీసాలు. బోరింగుది, వంకది, పైన షెడ్లు లేని చోటి బావిది. చీరల సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఆయన బండి కాదు, కావాలనే వేరేది. పుత్తూరు దాటాక సంచి తడిసింది. ఒక సీసా మూత వదులై గులాబీ నీళ్ళు నా చీర మీద. పక్కన కొండకు వెళ్ళే పెద్దావిడ, మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరిన మనిషి, "ఏం తీర్థమమ్మా అది?" అని అరవం కలిసిన తెలుగులో అడిగింది. కళ్ళకద్దుకోవడానికి చెయ్యి చాపింది. తీర్థం కాదమ్మా, మందు అన్నాను. అబద్ధం ఎంత తొందరగా వచ్చింది నోటికి.

తిరుపతి బస్టాండు దగ్గర గుండ్లు కొట్టించుకున్న జనం మధ్య నిలబడి ఉంటే నన్ను ఎవరో వెంబడించినట్టే అనిపించింది. కెమిస్ట్రీ మేడం వచ్చింది. నాకంటే చిన్నది. చేతికి సైకిల్ తాళం చెవి. సంచి తీసుకుంది, నా పేరు అడగలేదు. "టీ తాగుతారా?" అంది. వద్దన్నాను, తర్వాత దారంతా తాగి ఉండాల్సింది అనుకున్నాను. తొమ్మిది నెలల్లో ఇంటి బయట దీని గురించి ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగే మనిషి ఆమె ఒక్కతే.

అక్కడే ఒక నెట్ సెంటర్‌లో ఈ వారం ఫోటో పెట్టాను. రెండు నిమిషాల్లో ఎక్కింది.


15 ఏప్రిల్

ఫలితం వచ్చింది. ఫోనులో చెప్పింది, నెమ్మదిగా, విద్యార్థికి చెప్పినట్టు. షెడ్లు లేని చోటి బావి నీళ్ళు బాగున్నాయి. బోరింగు నీళ్ళు తాగడానికి పనికిరావు. వండడానికీ పనికిరావు. పిల్లలకు అసలే పనికిరావు.

నూట అరవై మంది పిల్లలు. నేనూ అక్కడే తాగాను, నాలుగు సంవత్సరాలు.

రాశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె పేరు లేకుండా.


13 మే

నలభై ఆరో ఫోటో. సెలవులు. బడికి తాళం. ప్రహరీ కూలిన వైపు నుంచి చీర ఎగ్గట్టి దిగి, బోరింగు కొట్టి, సీసా పట్టి, మళ్ళీ ఎక్కాను. ముప్పై ఐదేళ్ళ సైన్సు టీచరు గోడ దూకుతోంది. ఎండకు నీళ్ళు అడుగంటి రంగు చిక్కబడింది, బీట్‌రూట్ ఉడికించినట్టు.

రోజుకు అరవై, డెబ్భై మంది చూస్తున్నారు. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైటులో ఎవరో చేర్చారు. బాషా ఆ అంకె చూసి తనదే అన్నట్టు సంబరపడ్డాడు. నాకు మాత్రం అరవై జతల కళ్ళు ఇంటి కిటికీలో నుంచి చూస్తున్నట్టు ఉంది.


10 జూన్

జిల్లా పేపరులో పడింది.

ఐదో పేజీలో, చిన్నదే. నగరి దగ్గర ఒక బడి నీళ్ళ మీద ఎవరో ఇంటర్నెట్‌లో ఏడాదిగా రాస్తున్నారు అని. ఊరి పేరు వేశారు. నేను ఏనాడూ వేయని పేరు.

ఎలా తెలిసింది? కువైట్ తమ్ముడు చెప్పనన్నాడు. తిరుపతి మేడం చెప్పనంది. ఎవరి మీద అనుమానపడాలో తెలియక ఇద్దరి మీదా పడ్డాను, సాయంత్రానికి సిగ్గేసింది. నేను తీసేసిన ఆ తొమ్మిది కొండ ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉండిపోయి ఉండవచ్చు.


17 జూన్

అన్న వచ్చాడు. మధ్యాహ్నం, చెప్పకుండా.

నాయన పోయినప్పుడు నాకు పదేళ్ళు. మగ్గం మీద కూర్చుని నన్ను చదివించాడు అన్న. మగ్గాలు ఆగిపోయాక ఈ షెడ్డు వేశాడు. పదకొండు మంది పని చేస్తారు, వాళ్ళతోపాటు తనూ తొట్టిలో చేతులు పెడతాడు. వడ్డిస్తుంటే ఆ చేతుల వైపే చూశాను. గోళ్ళ చుట్టూ నీలం.

"ఎవుడో మన నీళ్ళ ఫోటోలు పెడతా ఉండాడంట, సూసినావా?" అన్నాడు.

పేపరులో చూశానన్నాను. పప్పు గిన్నె కింద పెట్టేశాను.

నాలుగు షెడ్ల వాళ్ళూ కూర్చుని మాట్లాడుకున్నారట. మిగతా ముగ్గురూ చాలా కోపంగా ఉన్నారట. పైనుంచి ఎవరో ఆఫీసరు వస్తాడని వినికిడి.

"నువ్వు చదువుకున్నదానివి. ఆ కంప్యూటర్లో కూసోని వాడెవుడో కనుక్కోమ్మా. ఆ ముగ్గురి చేతికి దొరికేలోపల నాకు తెలియల్ల."

నా అన్న నన్ను పట్టుకోమని నన్నే అడుగుతున్నాడు. సరే అన్నాను. ఇంకేమనగలను?


24 జూన్

అన్న బ్లాగు మొత్తం కాగితాల మీద తీయించుకు రమ్మన్నాడు. తీయించాను. బాషా ప్రింటర్ పక్కన నిలబడి ప్రతి కాగితం బోర్లా పెట్టి ఇచ్చాడు.

అన్నకు గబగబా చదవడం రాదు. చదివి వినిపించమన్నాడు. వాళ్ళింటి అరుగు మీద, వదిన బియ్యం చెరుగుతూ వింటుంటే, నా మాటలు నేనే చదివాను. ఎవరో రాసినట్టు, అక్కడక్కడా కావాలని తడబడుతూ. సెప్టెంబరు వచ్చింది. అక్టోబరు. గులాబీ, పసుపు, నాలుగు వారాలు ఏ రంగూ లేదు, మళ్ళీ నీలం. అన్న మధ్యలో ఆపలేదు.

ఫిబ్రవరిలో రాసింది ఒకటుంది. షెడ్డులో పనిచేసే మనిషి చేతుల గురించి. పండగ రోజు కూడా ఆ చేతులతో అన్నం కలుపుకోవడానికి వెనకాడి స్పూను అడిగాడని. అది రాసినట్టే మరిచిపోయాను. చదవడం మొదలుపెట్టాక గానీ గుర్తు రాలేదు. ఆపితే అనుమానం. చదివాను.

అన్న చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"ఇది నా గురించేనా?"

తెలీదన్నా, అన్నాను.

వదిన చెరగడం ఆపింది. తల ఎత్తలేదు. ఆమెకు తెలుసు. ఆ స్పూను ఇచ్చింది ఆమే.


15 జులై

ఒక మంచి సంగతి రాసుకోవాలి, లేకపోతే ఈ నోటుబుక్కు నిండా వణుకే మిగులుతుంది. బడికి ట్యాంకరు వస్తోంది. వారానికి మూడుసార్లు. పేపరు చూసి ఎవరో పెద్దాయన అడిగాడట, హెడ్మాస్టరు గారు తనే తెప్పించినట్టు ప్రార్థనలో చెప్పుకున్నారు. చెప్పుకోనీ. మునెమ్మ తెల్లటి అన్నం గంటెతో ఎత్తి నాకు దూరం నుంచే చూపించింది. ఆమెకూ తెలుసా?

బోరింగుకు మాత్రం తాళం వేయలేదు. ఆటల పిరియడ్ అయ్యాక పిల్లలు అక్కడే తాగుతున్నారు. వద్దంటే తల ఊపుతారు, నేను అటు తిరగ్గానే కొడతారు. కాబట్టి ఫోటో ఆపలేదు.


16 సెప్టెంబరు

ఆఫీసరు వచ్చి వెళ్ళాడు. షెడ్లకు నోటీసులు వస్తాయంటున్నారు. ఈ వారం మూడు కామెంట్లు మంచివి కావు. "నువ్వెవరో తెలుసు." "ఆదివారం పదింటికి ఏం చేస్తావో తెలుసు." మూడోది రాయను.

నెట్ సెంటర్ నుంచి ఇంటికి మామూలుగా ఎనిమిది నిమిషాలు. ఇవాళ చుట్టూ తిరిగి ఇరవై పట్టింది. చేపల సందు మలుపులో ఒక మోటారు సైకిల్ ఆగి ఉంది. దాని పక్కగా నడిచాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక చూసుకుంటే అరచేతిలో గోళ్ళ గుర్తులు.


7 అక్టోబరు

షెడ్ల వాళ్ళు బాషా దగ్గరకు వెళ్ళారు. నలుగురూ, అన్నతో సహా. రిజిస్టరు అడిగారు. బాషా ముందు లేదన్నాడట, బల్ల సొరుగు లాగి తీసుకున్నారట, జులై నుంచి ఉన్న పుస్తకం. ఆదివారం పూట, ఆ గంటలో, ప్రతి వారం ఉన్న పేర్లు వెతికారు.

రెండే పేర్లు. ఒకటి నాది. ఒకటి మా బడి తెలుగు మాస్టారిది. ఆయన పద్యాలు పత్రికలకు పంపుకోవడానికి వస్తారు. చివరి గదిలో కూర్చుంటారు.

నా పేరు దగ్గర అన్న నవ్వాడట. "అది నా సెల్లెలు. నేనే పంపినాను కనుక్కోమని" అన్నాడట. బాషా ఇది చెబుతూ నా మొహం చూడలేదు.

అంటే మిగిలింది ఒకటే పేరు.


9 అక్టోబరు

మాస్టారింటికి నిన్న సాయంత్రం వెళ్ళారు. అన్న వెళ్ళలేదట, మిగతా ముగ్గురు, ఇంకా కొందరు. వీధిలో నిలబెట్టి అరిచారు. ఎవరో తోశారు, కళ్ళజోడు కింద పడి పగిలింది. ఆయన అద్దెకుండే ఇల్లు ఆ ముగ్గురిలో ఒకరి బావమరిదిది. పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి.

ఇవాళ బడికి వచ్చారు. ఒక అద్దం మీద బ్యాండేజీ పట్టీ. పిల్లలు నవ్వితే ఆయనా నవ్వారు. స్టాఫ్‌రూమ్‌లో ఎదురుగా కూర్చుని నేను హాజరుపట్టీలో ఒకే కాలమ్ మూడుసార్లు నింపాను.

నోరు తెరవలేదు. ఇది ఇక్కడ రాయడం కూడా కష్టంగా ఉంది. తెరవలేదు.


10 అక్టోబరు

సాయంత్రం బెల్లు తర్వాత మాస్టారు నా టేబుల్ దగ్గరకు వచ్చారు. ఎవరూ లేరు. ఎర్ర పెన్ను మూత తీస్తూ, మామూలుగా అన్నారు —

"మీరు 'బాధ'కు ఒత్తు పెట్టరు భారతమ్మా. ఏడాదిగా చూస్తా ఉండాను."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన చదువుతున్నారు. మొదటి నుంచీ. స్టాఫ్ నోటీసుల్లో నా తప్పులు ఎన్నిసార్లు దిద్దారో... బ్లాగులో అవే తప్పులు చూసి పట్టేశారు.

మొన్న వాళ్ళకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను కాదన్నాను. అది నిజం. ఎవురు అని అడిగినారు. దానికి జవాబు నేను సెప్పాల్సిన పని లేదు గదా."

ఒక అట్ట ముక్క మీద 'బాధ' అని రాసి, ధకు ఒత్తు కింద గీత గీసి, నా టేబుల్ మీద పెట్టి వెళ్ళారు. ఇల్లు వెతుక్కోవాలట, తొందరగా పోవాలట.


14 అక్టోబరు

ఫోటోతో పాటు ఒక వాక్యం పెట్టాను: "ఇది రాస్తున్నది మీరు అనుకుంటున్న మాస్టారు కాదు." మొదటి కామెంటు అరగంటలో వచ్చింది. "కాదని నువ్వే రాసుకుంటే నమ్మాలా మాస్టారూ?"

పేరు లేని మాటకు విలువ ఏముంటుంది? ఏడాదిపాటు నన్ను కాపాడిన గుడ్డ ఆయన మొహానికి చుట్టుకుంది.


21 అక్టోబరు

అన్నకు చెప్పాను.

షెడ్డుకే వెళ్ళాను, పనివాళ్ళు భోజనానికి లేచాక. దారిలో వంక పక్కన రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఆవిరి, గంజి వాసన, తడి నూలు చిలపలు కట్టలుగా కర్రల మీద వేలాడుతూ. అన్న బనియనుతో తొట్టి అంచున ఉన్నాడు. ముందుమాట ఏమీ లేకుండా చెప్పేశాను, లేకపోతే చెప్పలేనని.

"రాసేది నేనేన్నా. మాస్టారు కాదు."

కొడతాడనుకున్నాను. ఎప్పుడూ కొట్టలేదు, అయినా భుజాలు వాటంతట అవే ముడుచుకున్నాయి. అన్న కర్ర తీసుకుని నూలు తిప్పాడు. ఒకసారి, రెండుసార్లు. తర్వాత, నా వైపు చూడకుండా —

"ఆ పొద్దు నా చేతుల మాట అడిగినాను. తెలీదన్నావు."

అంతే అడిగాడు. నీళ్ళ గురించి అడగలేదు. నోటీసు గురించి అడగలేదు. నేను నిలబడే ఉన్నాను. పనివాళ్ళు వచ్చేశారు, ఒకతను "బాగుండావా పాపా" అని పలకరించాడు. బాగున్నాను అన్నాను. వచ్చేశాను.


28 అక్టోబరు

మాస్టారికి ఇల్లు దొరికింది, బజారు వెనుక. సామాను మోయడానికి మా ఆయన వెళ్ళాడు. ఖాళీ చేయమన్నవాళ్ళ దగ్గరకు అన్న వెళ్ళి "ఆయన కాదు, నాకు తెలుసు" అన్నాడట. మరెవరు అని అడిగితే లేచి వచ్చేశాడట. దానితో వాళ్ళకు అన్న మీదే అనుమానం మొదలైంది.

నేను చెప్పిన నిజం బరువు ఇప్పుడు అన్న మోస్తున్నాడు.


11 నవంబరు

వదిన సంతలో కనబడింది. పక్కకు పిలిచి గుసగుసగా మాట్లాడింది. అన్న ఇంట్లో మాట్లాడటం లేదట. షెడ్డు రెండు రోజులు ఆపి మళ్ళీ నడిపాడట. నిన్న రంగు తెచ్చే లారీని మిగతావాళ్ళు రానివ్వలేదట.

"మీ అన్నకు నీ మీద కోపమా, భయమా నాకు తెలీలేదు భారతీ. నువ్వయినా అడుగు. నన్ను అడగనియ్యడు."

అడగలేదు. మూడు వారాలుగా ఆ వీధిలోకే వెళ్ళలేదు. ఫోటోలు మాత్రం పెడుతూనే ఉన్నాను, చేతులు వాటి పని అవి చేసినట్టు. రోజుకు మూడు వందల మంది చూస్తున్నారు. ఒకప్పుడు ఒక్కరి కోసం పదిహేను వారాలు చూశాను... ఈ అంకెతో ఏం చేసుకోవాలో తెలియడం లేదు.


2 డిసెంబరు 2007, ఆదివారం

పొద్దున ఏడింటికి అన్న వచ్చాడు. మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు, ఇంట్లో నేనొక్కదాన్నే. లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడ్డాడు. చిక్కిపోయాడు. కాఫీ ఇస్తానంటే వద్దన్నాడు.

"ఇన్నాళ్ళు రాసినావు. ఒక్క పేరు లేదు. యాడిదో నీళ్ళు, ఎవుడిదో షెడ్డు. అట్లయితే ఎవురైనా ఎవురినైనా పట్టుకుంటారు. ఆ తెలుగు అయివారిని పట్టుకోలేదా?"

తల ఊపాను.

"రాసేదయితే నా షెడ్డు పేరు ముందు రాయి. నా పేరు, మన నాయన పేరు అన్నీ రాయి. రాయలేవా, ఈ పొద్దుతో ఆపెయ్. రెండిట్లో ఏదో ఒకటి సెయ్యి."

కోపంతోనా అన్నా అని అడిగాను. రాయమంటున్నావా, రాయలేనని తెలిసి అంటున్నావా అని కూడా అడగాలనుకున్నాను. అప్పటికే మెట్లు దిగుతున్నాడు. వీధి మలుపు దాకా చూశాను. ఒక్కసారి కూడా తిరగలేదు.

పదింటికి బాషా దగ్గర కూర్చున్నాను. రిజిస్టరులో సంతకం చేశాను. డెబ్భై ఐదో ఫోటో ఎక్కింది. దాని కింద టైపు చేశాను — వంక ఒడ్డున మొదటి షెడ్డు మా అన్నది. అతని పేరు రాశాను. నాయన పేరు రాశాను. చివర నా పేరు.

పంపు అనే బటన్ మీద వేలు. పంపితే మొదటి నోటీసు ఎవరికి వస్తుంది? పదకొండు మంది సోమవారం ఎక్కడికి వెళతారు? ఆ ముగ్గురూ ఇంటికి వస్తే అన్న ఏమంటాడు, తనే రాయించానంటాడా? పంపకపోతే... పిల్లలు రేపు ఆటల పిరియడ్ తర్వాత బోరింగు కొడతారు.

పదకొండయింది. పన్నెండయింది. బాషా కర్ర ఆనించుకుని వచ్చి, అయిందా మేడం అని అడిగాడు, తెర వైపు చూడకుండా.

ఇంకా లేదన్నాను.

పంపలేదు. చెరపలేదు కూడా. దాచిపెట్టే బటన్ ఒకటుంటుంది, అది నొక్కి వచ్చాను. మూడు పేర్లూ నా ఇంటివే... ఆ పేజీ అక్కడే ఉంది, ఎవరికీ కనబడకుండా. సాయంత్రం ఐదింటి దాకా సెంటర్ తెరిచే ఉంటుందన్నాడు బాషా. ఇప్పుడు మూడున్నర.